నలక లేని డబ్బా

మా వదినను వీధిలో అందరూ నలకమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఆమె ఆడపడుచునైన నేనే. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్ల గ్లాసును వెలుతురుకి ఎత్తి చూసి, అందులో నలక లేదని తేలాకే గుక్క తాగుతుంది. మా అన్నయ్యను కట్టుకుని ఇంటికి వచ్చిన కొత్తలోనే, మా అమ్మ తోమి బోర్లించిన గిన్నెలన్నీ మళ్లీ తోమింది. అమ్మ మూతి ముడుచుకుని ఆమెతో మాట్లాడటం మానేసింది. కోపం చల్లారాక గిన్నెలు తోమే పని మొత్తం కోడలికి అప్పగించి హాయిగా కాళ్లు చాపుకుంది. ఇద్దరిలో ఎవరు గెలిచినట్టో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇలాంటి మనిషికి తగిన ఉద్యోగమే దొరికింది. ఊరి మధ్యలో ఉన్న పెద్ద లాడ్జిలో దుప్పట్లు ఉతికే గదిలో పని. ఆ గది నేలకి దిగువన ఉంటుంది. ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క పొడవాటి ఇస్త్రీ బల్లలు, మధ్యలో తడి దుప్పట్ల గుట్టలు. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే వంటగది వెనక గోడ కనిపిస్తుంది. గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఎప్పుడు ఆగిపోయిందో అక్కడ పనిచేసేవాళ్లకే గుర్తులేదు. ఆ ఆవిరిలో, ఆ నూలు పీచులో ఆడవాళ్లందరూ భుజాలు రాసుకుంటూ పనిచేయాలి. ఉతికిన ప్రతి దుప్పటినీ మా వదిన ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుని చూసేది. వెంట్రుక కనిపించినా, పాత మరక నీడ కనిపించినా పక్కన పడేసేది. తోటివాళ్లు లోలోపల తిట్టుకునేవాళ్లు. సూపర్‌వైజర్ మాత్రం పెద్ద అతిథుల గదుల దుప్పట్లు ఆమె చేతి మీదుగానే పంపించేవాడు. ఆ ముక్క నాకు చెప్పని రోజు లేదు.

నాది బస్‌స్టేషన్‌లో టికెట్ల కౌంటర్ ఉద్యోగం. రోజంతా గాజు కిటికీ వెనక కూర్చుని చిల్లర కోసం జనంతో పోట్లాడతాను. నా నోరు అందువల్లే ఇలా తయారైందని అన్నయ్య అంటాడు. అన్నయ్య నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ఏం చెప్పినా ‘చూద్దాం’ అంటాడు. ఇల్లు తగలబడుతోందన్నా చూద్దామనే అంటాడని వదినా నేనూ నవ్వుకునేవాళ్లం. అమ్మ పోయాక కింది గదిలో వాళ్లు ముగ్గురు, పైగదిలో నేను. మూడో మనిషి వాళ్ల కూతురు. తొమ్మిదేళ్ల పిల్ల, బడికి వెళ్లేముందు చెప్పుల అడుగులు కూడా తుడుచుకునే రకం. తల్లి పోలికలు ఎక్కడికి పోతాయి. దాన్ని చిన్న నలక అని పిలుస్తాను.

దగ్గు మొదలైనప్పుడు నూలు పీచు వల్లే అంది వదిన. ఆ గదిలో దగ్గనివాళ్లు ఎవరంది. జాకెట్టు భుజాల మీద నిలవకుండా జారుతుంటే పనెక్కువై చిక్కానంది. ఒకరోజు ఇస్త్రీ బల్ల దగ్గర దగ్గుతుంటే తెల్లదుప్పటి మీద ఎర్రచుక్క పడిందట. ఇంకొకరైతే భయపడి ఏడ్చేవాళ్లు. మా వదిన ఎవరి కంటా పడకముందే ఆ చుక్కను చన్నీళ్లతో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి పైకి పంపించేసింది. మరక పోయింది కాబట్టి సంగతి అయిపోయిందనుకుంది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఆఖరికి మెట్ల మీద కూలబడిపోతే నేనే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. మంచం మీద నుంచి లేచే ఓపిక కూడా లేదు. నర్సు డబ్బా మూతి దగ్గర పెడితే అందులోకే దగ్గి ఊసింది. ఆ తెమడలో టీబీ ఉందని తేలింది.

ఆరు నెలల మందులన్నారు. రోజూ వేసుకుంటే పూర్తిగా నయమవుతుందన్నారు. వదిన అడిగింది ఒక్కటే, పిల్ల సంగతి. పుట్టినప్పటి నుంచి తల్లి కొంగు గుప్పిట్లో పట్టుకుంటే గానీ దానికి నిద్ర పట్టదు. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే దాని తలగడను గుమ్మం బయట పెట్టి, పైకి తీసుకెళ్లమని నాకు చెప్పింది. పిల్ల మెట్ల మొదట్లో నిలబడి ఏడ్చింది. వదిన గడప దాటి రాలేదు.

“నయమైందని వాళ్లు చెప్పేదాకా నా పక్కన వద్దు,” అంది. “చెప్పిన రోజే వచ్చెయ్. నీ తలగడ నేనే మోసుకొస్తాను.”

ఆ మాట పట్టుకుని తల్లీ కూతుళ్లు రోజులు లెక్కపెట్టుకున్నారు. వదిన ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. కడుపులో తిప్పినా, కీళ్లు పట్టేసినా, మందు రంగుకి మూత్రం ఎర్రగా పోతోందని బెదిరిపోయి టాయిలెట్‌ను రోజుకు ఎన్నోసార్లు బ్లీచింగ్‌తో రుద్దినా, మాత్ర మాత్రం వేసుకునేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి రోగుల గురించి ఎక్కడ విన్నా ‘మధ్యలో మానేస్తారండీ’ అనే మాటే వినిపిస్తుంది. మా వదిన మానలేదు. మందే మానేసింది.

మందుల కేంద్రం మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. అక్కడ మందులిచ్చే సిస్టర్ మంచిదే, కేకలేసే మనిషి కాదు. చికిత్స సగంలో ఉండగా ఒక ఉదయం, స్టాకు రాలేదమ్మా, సోమవారం రండి అంది. సోమవారం వెళ్తే గురువారం అంది. గురువారం నేను కౌంటర్‌కి సెలవు పెట్టి మరీ వెళ్లాను, గట్టిగా నాలుగు దులిపేద్దామని. ఆమె బీరువా తలుపు తెరిచి చూపించింది. అరలన్నీ ఖాళీ. మనిషితో పోట్లాడగలను గానీ ఖాళీ అరతో ఏం పోట్లాడతాను. బయట మందుల షాపులన్నీ తిరిగాను. ఆ మాత్రలు కేంద్రంలోనే దొరుకుతాయన్నారు. నేను ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొడితే అన్నయ్య చూద్దామన్నాడు. స్టాకు వచ్చేసరికి వారాలు గడిచాయి. తరువాత ఇంకోసారి కూడా అలాగే అయింది. రెండుసార్లూ వదిన ఖాళీ మాత్రల రేకును చేతిలో పట్టుకుని, ఏదో తప్పు తనే చేసినట్టు తల దించుకుని కూర్చుంది.

మధ్యమధ్యలో తెమడ పరీక్ష చేసేవాళ్లు. ప్రతిసారీ ‘లేదు’ అనే వచ్చేది. ఆఖరి పరీక్షలో కూడా లేదు. ఆ రోజు సిస్టర్ వదిన చేయి పట్టుకుని నయమైపోయిందమ్మా అంది. గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. నయమైనవారు, చనిపోయినవారు, మానేసినవారు, అలా గడులు. నయమైనవారి గడిలో అంకె చెరిపి ఇంకొకటి కలిపింది. అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. వదిన సిగ్గుపడింది. మందు దొరకనివారు అనే గడి ఎక్కడుందా అని నేను బోర్డంతా వెతికాను. లేదు.

అయినా ఆ సాయంత్రం మా ఇంట్లో సంతోషమే. వదిన పైకి వచ్చి, చెప్పినట్టే పిల్ల తలగడను స్వయంగా మోసుకెళ్లింది. నేను ఒంటరిగా మిగిలాను గానీ, కింద నుంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తుంటే నాక్కూడా హాయిగానే ఉంది. పై వారం నుంచి మళ్లీ లాడ్జిలో పనికి వెళ్లింది. పెద్ద అతిథుల దుప్పట్లు మళ్లీ తన చేతికే వచ్చాయని చెప్పింది.

చలికాలం రాకముందే దగ్గు తిరిగొచ్చింది.

ఈసారి నేను ఊరుకోలేదు. వెంటబడి కేంద్రానికి పంపించాను. వాళ్లు పరీక్ష చేసి లేదన్నారు. మీరు నయమైనవారమ్మా, ఇది దుమ్ము దగ్గు అని సిరప్ ఇచ్చారు. కొన్నాళ్లాగి మళ్లీ పంపించాను. మళ్లీ లేదన్నారు, మళ్లీ సిరప్. జాకెట్టు మళ్లీ జారడం మొదలైంది. పిల్లను పైకి పంపించమని నేనంటే వదిన నా మీద విరుచుకుపడింది. నయమైందని వాళ్లే చెప్పారు కదా, చదువుకున్నవాళ్ల కంటే నీకు ఎక్కువ తెలుసా అంది. ఎప్పుడూ నన్ను ఒక మాట అనని మనిషి. ఆమెకు ఆ ‘నయం’ అనే మాట కావాలి. అది పోతే పిల్ల పైకి పోతుంది. అందుకే ఆ మాటను రెండు చేతులా పట్టుకుంది. నాకు ఆమె మీద కోపం, సిరప్ ఇచ్చినవాళ్ల మీద కోపం, అటూ ఇటూ చూసి చూద్దామన్న అన్నయ్య మీద ఇంకా కోపం.

మూడోసారి నేనే పక్కన ఉండి తీసుకెళ్లాను. పరీక్ష గది కిటికీలోంచి ల్యాబ్ అతను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ముందుకు తోసి, నింపి తెమ్మన్నాడు. అంతే, తల ఎత్తలేదు. అతని వెనక క్యూ కట్టిన డబ్బాలు, ముందు క్యూ కట్టిన మనుషులు. వదిన డబ్బా తీసుకుని కేంద్రం వెనక్కి నడిచింది. అక్కడ జనరేటర్ పక్కన ఒక కుళాయి ఉంది. నేను వెనకే వెళ్లాను.

ముందు కాలవ దగ్గర వంగి గట్టిగా దగ్గింది. లోపల నుంచి వచ్చినదంతా కాలవలో ఊసి, నీళ్లు వదిలి కడిగేసింది. తరువాత నోరు మూడుసార్లు పుక్కిలించింది. డబ్బాను కూడా ఒకసారి నీళ్లతో కడిగి, కొంగుతో అంచు తుడిచింది. అప్పుడు నెమ్మదిగా, మర్యాదగా, తేటగా ఉన్న ఉమ్మిని అందులో ఊసి, వెలుతురుకి ఎత్తి చూసుకుంది. అందులో నలక లేదు.

“ఏం చేస్తున్నావు వదినా?” అన్నాను.

“కనపడట్లేదా? నోరు కడుక్కుంటున్నా.”

“మరి కాలవలో ఊసిందేమిటి?”

“అదా? పచ్చగా, జిగురుగా ఉంది. అలాంటిది మూతపెట్టి పరాయి మనిషి చేతికి ఎలా ఇమ్మంటావు? ఆయన అన్నం తినే చెయ్యి అది.”

“ప్రతిసారీ ఇలాగే ఇచ్చావా?”

“మరి? నేను ఎప్పుడైనా ఎవరికైనా మురికిది ఇచ్చానా?” అంది, నేను అవమానించినట్టు.

నేను ఆ జనరేటర్ గట్టు మీద కూర్చుండిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆసుపత్రిలో మంచం మీద నుంచి లేవలేకపోయిన రోజున తప్ప, ఇన్ని నెలలుగా ఈమె తన రోగాన్ని కాలవలో కడిగేసి, తన మర్యాదను డబ్బాలో పెట్టి పంపిస్తోంది. వాళ్లు ఆ మర్యాదను భూతద్దం కింద పెట్టి, రోగం లేదని రాస్తున్నారు. బోర్డు మీద అంకె పెరిగింది, చప్పట్లు కొట్టారు, పిల్లను పక్కలోకి పంపించారు. ఎవరి మీద అరవాలి? అరిచాను. వదిన మీదే అరిచాను, దగ్గరున్నది ఆమే కాబట్టి. నీ శుభ్రం తగలెయ్య అన్నాను. ఆమె డబ్బా పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడింది. నోరు కడుక్కోవద్దని తనకు ఎవరూ చెప్పలేదంది. అది నిజం.

ఆ డబ్బా లాక్కుని ల్యాబ్ అతని కిటికీ దగ్గరికి వెళ్లాను. ఇది ఉమ్మి, చూస్తే తెలియదా అన్నాను. తెలుస్తుందన్నాడు.

“సగం మంది ఇలాగే తెస్తారమ్మా. తిప్పి పంపితే మళ్లీ రారు. పరీక్షలు తగ్గాయేమిటని పైనుంచి నన్ను అడుగుతారు. అందుకని ఏదిస్తే అది పెట్టి చూస్తాను.”

అతను నిద్రలేని మనిషిలా ఉన్నాడు. ఎలా దగ్గి ఇవ్వాలో బొమ్మలతో చెప్పే కాగితం ఒకటి ఉందని, గోడకి అంటించామని కూడా చెప్పాడు. ఎక్కడా అని చూస్తే మందుల బీరువా వెనక నుంచి దాని మూల కాస్త కనిపించింది. స్టాకు లేని బీరువాను ఆ గోడకి జరిపిందెవరో అతనికీ తెలియదు.

వదిన చేత మళ్లీ దగ్గించాను. ఈసారి నేను కుళాయికి అడ్డంగా నిలబడ్డాను. డబ్బా అతని చేతికి ఇచ్చేటప్పుడు ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. క్షమించండి అని కూడా అంది. దాన్ని జిల్లా కేంద్రంలో ఉన్న మెషీన్‌కి పంపించారు. జబ్బు ఉంది. పైగా పాత మందులు ఇక పనిచేయవని వచ్చింది. మధ్యలో మందు ఆగి ఆగి వేసుకుంటే అలా అవుతుందని డాక్టరు వదిన వైపు చూసి మందలించాడు. ఆగింది మందు సార్, ఈమె కాదు అన్నాను. ఆయన చీటీ రాసుకుంటూ ఉండిపోయాడు.

కొత్త మందులు ఇంకా బలమైనవి, ఇంకా ఎక్కువ నెలలు. చెవుల్లో హోరు, నోట్లో చేదు. లాడ్జి సూపర్‌వైజర్ ఇక రావద్దని కబురు పంపించాడు. పిల్ల మళ్లీ తలగడతో పైకి వచ్చింది. ఈసారి ఏడవలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. బోర్డు మీద వదిన పేరున కలిపిన ఆ ఒకటిని చెరిపెయ్యమని సిస్టర్‌ని అడిగాను. అది పోయిన ఏడాది లెక్క, ముగిసిపోయిందమ్మా అంది. మా వదిన ఇప్పటికీ అక్కడ నయమైన మనిషే.

తల్లి పక్కలో అన్ని నెలలు పడుకుంది కాబట్టి పిల్లకు కూడా పరీక్ష చేయాలన్నారు. దానికి కాస్త పొడిదగ్గు. బడి ధూళి అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ముగ్గురం వెళ్లాం. వదిన మాస్క్ కట్టుకుని బల్ల చివర కూర్చుంది. ల్యాబ్ అతను ఈసారి తల ఎత్తి, గట్టిగా దగ్గి తేవాలమ్మా అని పిల్లకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పిల్ల బుద్ధిగా తల ఊపి, డబ్బా తీసుకుని బయటికి వెళ్లింది. కాసేపటికి రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని తెచ్చింది. మూతి చుట్టూ తడి. గౌను అంచు తడి.

ల్యాబ్ అతను చెయ్యి చాపాడు. వదిన లేచి, అతనికంటే ముందు డబ్బా అందుకుంది. కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. దుప్పట్లను చూసినట్టే, అంతసేపూ. తేటగా ఉంది. ఒక్క నలక కూడా లేదు. మా వదిన ముఖం అంతలా పాలిపోవడం నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు. డబ్బాను తీసుకెళ్లి సింకులో ఒంపేసింది.

“ఇది కాదు తల్లీ.”

“శుభ్రంగానే ఉంది కదమ్మా.”

“శుభ్రంగా ఉంది. అందుకే వద్దు. లోపల నుంచి దగ్గి, ఏది వస్తే అది ఊసెయ్.”

పిల్ల ల్యాబ్ అతని వైపు చూసి గొంతు తగ్గించింది. “వాళ్లు ఛీ అనుకుంటారమ్మా.”

“అనుకోనీ,” అంది వదిన.

కొత్త డబ్బా అడిగి తీసుకుని పిల్లను ఆరుబయటికి నడిపించింది. కుళాయి వైపు కాకుండా, ఎండ ఉన్న వైపు. వీపు రాస్తూ, ఊపిరి నిండా పీల్చి దగ్గమని చెప్పింది. పిల్లకు మొదట రాలేదు. తరువాత వచ్చింది. ఏదో పెద్ద తప్పు చేసినట్టు తల్లి ముఖం చూసింది. బాగా చేశావు అంది వదిన. అంచు తుడవకుండానే మూత బిగించి ల్యాబ్ అతని చేతిలో పెట్టింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

పై వారం ఫలితం వచ్చింది. ఉంది. తల్లికి ఉన్నదే పిల్లకీ ఉంది, అదే మందు కావాలి. మొదటి డబ్బా ఇచ్చి ఉంటే లేదనే వచ్చేదని ల్యాబ్ అతను నాతో మెల్లగా అన్నాడు. తొందరగానే పట్టుకున్నాం, తేరుకుంటుందమ్మా అని సిస్టర్ అంది. ఈ బీరువాలో ఎన్నాళ్లకు సరిపడా ఉందని అడిగాను. చూడాలంది. చూద్దామనే మాట మా ఇంట్లోనే ఉందనుకున్నాను, ఊరంతా ఉంది.

వెళ్లబోతుంటే సిస్టర్ ఇంకో మాట చెప్పింది. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఇద్దరూ మందులోనే ఉంటారు కాబట్టి పిల్లను తల్లికి దూరంగా ఉంచనక్కర్లేదంది. వదిన విని తల దించుకుంది. పిల్ల మాత్రం ఆ ఒక్క మాటే విన్నది.

ఆ సాయంత్రం నేను కౌంటర్ నుంచి వచ్చేసరికి అది తలగడ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతోంది. ఎన్నాళ్లకో దాని ముఖం అలా వెలిగిపోతోంది.

“అత్తా, నేనిక అమ్మ దగ్గరే పడుకోవచ్చట,” అంది.

నేను పక్కకి తప్పుకుని దానికి దారిచ్చాను. కింద వదిన పక్క పరిచి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. పిల్ల పక్కన చేరి కొంగును గుప్పిట్లోకి తీసుకుంది.